మచ్చుకత్తి తుప్పు: అంచు కంటే ముందు పిడి చూడండి

తోతాపురి కోతలు అయిపోతే మచ్చుకత్తులు, కొడవళ్ళు కొట్టంలో ఒక మూలకు చేరతాయి. మళ్ళీ వాటి అవసరం పడేది చెరకు నరికేటప్పుడే. ఈ మధ్యలోనే మన చిత్తూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తీసి చూస్తే కత్తి ఎర్రగా ఉంటుంది. చాలామంది నేరుగా గ్రైండరు కాడికి తీసుకుపోతారు. మెరుపు వస్తుంది, నిజమే. కానీ అంచు నీలం తిరిగిందంటే కమ్మరి పెట్టిన పదును, అంటే ఉక్కు గట్టిదనం, పోయినట్టే. ఉక్కు 300 డిగ్రీల దగ్గరకు కాగితే వచ్చే రంగది. ఆ అంచు నాలుగు కొమ్మలకే మొద్దుబారుతుంది.

ముందు జిడ్డు వదిలించాలి. ఎండిన మామిడి సొన నీళ్ళకు లొంగదు, టర్పెంటైన్ తడిపిన గుడ్డతో రుద్దితే వస్తుంది. చెరకు రసానికి వేడి సబ్బునీళ్ళు చాలు. జిడ్డు ఉన్నచోట తుప్పు వదిలించే చింతపండు పులుసు పట్టదు, కింద తుప్పు అట్లే ఉంటుంది.

లీటరు వేడినీళ్ళలో 150 గ్రాముల పాత చింతపండు పిసికి, చల్లారాక వడకట్టండి. ఒక చివర మూత బిగించిన పీవీసీ పైపులో ఆ పులుసు పోసి కత్తిని నిలబెడితే అలుగు (కోసే ఇనుప భాగం) మాత్రమే మునుగుతుంది. పిడి తడవకూడదు. తడిసి ఉబ్బిన కొయ్య ఆరాక కుంచించుకుపోయి పొన్ను (పిడి మొదట్లో బిగించిన కట్టు) వదులవుతుంది. రాత్రి పెట్టి పొద్దున తీసేయండి. ఇంకా ఉంచితే పులుపు మంచి ఇనుమునూ తింటుంది, అంచు గరుకుగా తయారవుతుంది. మెత్తబడిన తుప్పును ఇనుప పీచుతో గీకి, లీటరు నీళ్ళకు రెండు చెంచాల వంటసోడా కలిపి అందులో కడగండి.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. కడిగిన కత్తిని గోడకు ఆనించి కాఫీ తాగి వచ్చేలోపే దానిమీద పసుపు పొర కనిపిస్తుంది. పచ్చి ఇనుముకు తడి, గాలి దొరికితే నిమిషాలు చాలు. వెంటనే పొడి గుడ్డతో తుడిచి, స్టవ్ మంట పైన ఎత్తుగా అటూ ఇటూ ఆడించి, చేతికి వెచ్చగా తగిలేదాకా ఆరబెట్టాలి. ఆ తర్వాత 220 నంబరు ఎమరీ పేపరు, చివర 400 నంబరుది. ఎప్పుడూ పొడుగునే రుద్దాలి. అడ్డంగా పడిన గీతల్లో తడి నిలుస్తుంది.

గుంతలు పడిన పాత కత్తికి నల్లపూత మంచిది. 50 గ్రాముల కరక్కాయ పొడిని అర లీటరు నీళ్ళలో పావుగంట మరిగించి, వడకట్టి, కుంచెతో పూసి ఆరనివ్వండి. రెండు మూడు పూతలకు నీలినలుపు తేలుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరిన నీళ్ళు నల్లబడేది కూడా ఇందుకే: కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపవుతుంది. అయితే ఈ పూత ఒక్కటే నీళ్ళను ఆపదు, పైన నూనె ఉండాల్సిందే.

ఆ నూనె ఏదన్నది ముఖ్యం. పొద్దుతిరుగుడు నూనె నెలల్లో బంకలా మారి దుమ్ము పట్టేస్తుంది. వాడేసిన ఇంజనాయిలు పశువుల మేత కోసే కొడవలికి వద్దే వద్దు. పలచగా ఆముదం పూస్తే చాలు. వానాకాలం మొత్తం దాచాలంటే ఒక వంతు తేనెమైనం, మూడు వంతుల కొబ్బరినూనె వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, వెచ్చటి కత్తికి పూయండి.

ఇక పిడి. అలుగు ఎంత ఎర్రబడినా బాగుచేసుకోవచ్చు. పిడిలోకి దిగిన మొన లోపల్లోపల తుప్పుపట్టి సన్నబడితే మాత్రం, నరికేటప్పుడు అలుగు విరిగి ఎగురుతుంది. పొన్ను దగ్గర ఎర్రటి పొడి రాలుతున్నా, కత్తి ఊపితే టకటకలాడినా పిడి ఊడదీసి చూడాల్సిందే. మొన సగానికి సగం తరిగి ఉంటే కొలిమికి పంపండి. గట్టిగా ఉంటే తుప్పు గీకి, కరిగిన మైనం సందులో పోసి బిగించండి.

దాచేటప్పుడు గోనెసంచి చుట్టొద్దు, అది తడి పీలుస్తుంది. పొటాష్ ఎరువు మూటల పక్కన అసలే వద్దు. అందులో ఉండేది క్లోరైడు, ఉప్పు పక్కన పెట్టినట్టే. దూలానికి మేకు కొట్టి వేలాడదీయండి.

అటక మీద తాతల నాటి బల్లెం మొన, బాణం ములుకు లాంటివి ఉంటే వాటికి ఈ చింతపండు, ఎమరీ వైద్యం చేయకండి. పొడి కుంచెతో దులిపి, పలచగా మైనం పూసి వదిలేయండి.