పిట్స్‌బర్గ్ బస్సులో ఐదు పేర్లు

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి ఆలయాన్ని చూసి వచ్చిన మనవాళ్లు ఆ కొండవాలు గురించీ, తెల్లటి గోపురం గురించీ, క్యాంటీన్‌లో పులిహోర గురించీ ఇప్పటికే చాలినంత రాశారు. 1976 నుంచి ఉన్న ఆ గుడి విషయంలో నేను కొత్తగా చెప్పగలిగినది ఏమీ లేదు. నన్ను రాయడానికి కూర్చోబెట్టినది క్లీవ్‌లాండ్‌లో గంటా యాభై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరిన ఒక బస్సు, అందులో నాకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు.

మా అమ్మాయి కాపురం క్లీవ్‌లాండ్ శివార్లలో, అబ్బాయి ఉద్యోగం పిట్స్‌బర్గ్‌లో. రెండు ఊళ్ల మధ్య నూట ముప్పై మైళ్లు, అంటే విజయవాడ నుంచి కాకినాడ ఎంతో దాదాపు అంత. అల్లుడు కారులో దింపుతానన్నాడు. ముప్పై ఏళ్లు తెనాలి నుంచి గుంటూరుకు రోజూ బస్సులో వెళ్లి కాలేజీలో లెక్కలు చెప్పి వచ్చినవాణ్ణి, రెండున్నర గంటల ప్రయాణానికి ఒకరి సెలవు పాడుచేయడం ఎందుకని పట్టుబట్టి టికెట్టు కొనిపించాను. ఆ పట్టుదలకు ఫలితం బస్టాండులోనే దక్కింది. తొమ్మిదిన్నర బస్సు ఎప్పుడు వస్తుందో చెప్పే మనిషి లేడు, కౌంటరు మూసి ఉంది, తెరమీద మాత్రం బస్సు సకాలానికి వస్తున్నట్టే ఉంది. దాహానికి యంత్రంలో రెండున్నర డాలర్లు వేస్తే అర లీటరు నీళ్ల సీసా పడింది. అంటే రెండు వందల రూపాయల పైమాట. తెనాలిలో ఆ డబ్బుతో ఇద్దరు ఇడ్లీ తిని కాఫీ తాగి, పేపరు కూడా కొనుక్కోవచ్చు.

బస్సు వచ్చేసరికి నాకు మాట్లాడే ఓపిక లేదు. పక్క సీటులో గోధుమరంగు టోపీ, దానిమీద నారింజరంగు అక్షరాలు ఉన్న ఒక పెద్దాయన కూర్చున్నారు. డెబ్బై అయిదేళ్లు దాటి ఉంటాయి. నడవకు అవతల నలుపు, పసుపు జాకెట్టు వేసుకున్న మరొకాయన, వయసులో కాస్త చిన్న. టోపీ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుది, జాకెట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌ది. ఈ రెండు జట్ల అభిమానులను పక్కపక్కన కూర్చోబెట్టడం వియ్యంకులను ఒకే పంక్తిలో కూర్చోబెట్టడం లాంటిదని తరువాత తెలిసింది. నాకు ఆ ఆట గురించి అంతకు ముందు నెల రోజుల్లో ఆదివారాలు అల్లుడి పక్కన కూర్చుని నేర్చుకున్నంతే తెలుసు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. రెండు మూడు సెకన్లలో, మీదికి దూకుతున్న మనుషుల మధ్య నిలబడి, ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో అతడే తేల్చుకోవాలి. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి ఒంటరితనం, క్రికెట్‌లో కెప్టెన్ మీద పడే నింద, రెండూ అతడివే.

కాలక్షేపానికి అడగకూడని ప్రశ్న అడిగాను. అందరిలోకి గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఎవరండీ అన్నాను. అరుగుమీద కూర్చున్న వాళ్లను రామారావా, నాగేశ్వరరావా అని అడిగినట్టయింది.

టోపీ ఆయన క్షణం కూడా ఆలోచించకుండా ఆటో గ్రాహం అన్నారు. 1946 నుంచి 1955 వరకు పది సీజన్లు ఆడాడు, పది సార్లూ జట్టును ఫైనలుకు చేర్చాడు, ఏడు టైటిళ్లు గెలిపించాడు. పైగా వృత్తి బాస్కెట్‌బాల్‌లో కూడా 1946లో చాంపియన్ జట్టులో ఉన్నాడట. జాకెట్టు ఆయన నవ్వి, అందులో మొదటి నాలుగు టైటిళ్లు వేరే చిన్న లీగులో వచ్చినవని, ఎదుట గట్టి జట్లు లేనప్పుడు ఎవరైనా గెలుస్తారని అన్నారు. దానికి జవాబు సిద్ధంగా ఉంది. ఆ లీగు మూతపడి బ్రౌన్స్ 1950లో పెద్ద లీగు అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరినప్పుడు, మొదటి ఆటలోనే అప్పటి చాంపియన్ ఫిలడెల్ఫియాను వాళ్ల ఊళ్లోనే 35–10తో ఓడించారు. ఆ ఏడాది టైటిలు కూడా వాళ్లదే.

‘‘సరే, కానీ మీ గ్రాహం ఆలోచించేవాడా? ప్రతి ప్రయత్నానికీ కోచ్ పాల్ బ్రౌన్ ఎత్తుగడ చెప్పి పంపేవాడు, గార్డు స్థానంలో ఆడే ఒకడు మైదానంలోకి పరుగెత్తి మోసుకొచ్చేవాడు. మా టెర్రీ బ్రాడ్‌షా తన ఎత్తుగడలు తనే వేసుకున్నాడు. సూపర్ బౌల్స్, అంటే లీగు ఫైనళ్లు, నాలుగు ఆడాడు, నాలుగూ గెలిచాడు.’’

టోపీ ఆయన దీనికోసమే కాచుకుని ఉన్నట్టున్నారు. ‘‘ఆ మోసుకొచ్చే గార్డుల్లో ఒకడి పేరు చెప్పనా? చక్ నోల్. మీ బ్రాడ్‌షాకు నాలుగు సూపర్ బౌల్స్ గెలిచే జట్టును తయారుచేసిన కోచ్. మా దగ్గర ఉత్తరాలు మోసి నేర్చుకున్న విద్యే అది.’’

వెనక సీట్లలో ఎవరో చప్పట్లు కొట్టారు. నా నీరసం ఎప్పుడు పోయిందో తెలియదు.

తరువాత గంటసేపు విన్నదంతా రాయలేను గానీ, వాదన ఎక్కడ తిరుగుతోందో నాకు మెల్లగా అర్థమైంది. వాళ్లు ఆటగాళ్లను పోలుస్తున్నామనుకుంటూ కొలబద్దలను పోలుస్తున్నారు. గెలిచిన జట్టుకు ఇచ్చే ఉంగరాలు లెక్కపెడితే ఏడు సూపర్ బౌల్స్ గెలిచిన టామ్ బ్రేడీ ముందు అందరూ చిన్నవాళ్లే. అయితే సూపర్ బౌల్ మొదలైనదే 1967లో కనుక, అంతకు పదకొండేళ్ల ముందే ఆట మానేసిన గ్రాహంకు ఆ లెక్కలో సున్నా. విసిరిన గజాలు లెక్కపెడదామంటే గ్రాహం ఆడిన నాటి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సీజనుకు పన్నెండు ఆటలు, ఇప్పుడు పదిహేడు. పైగా 1978లో నిబంధన మార్చి, ఐదు గజాలు దాటిన తరువాత బంతి అందుకునేవాణ్ణి పట్టుకోకూడదు, నెట్టకూడదు అన్నారు. అంతకు ముందు స్టీలర్స్‌కే చెందిన మెల్ బ్లౌంట్ అనే డిఫెండరు ఎదుటివాళ్లను దారిపొడవునా నలిపేసేవాడట. ఆ నిబంధనను ఇప్పటికీ అతడి పేరుతోనే పిలుస్తారు. ఈ సంగతి చెబుతున్నప్పుడు జాకెట్టు ఆయన ముఖంలో కనబడిన గర్వం, తమ పిల్లవాడి అల్లరి భరించలేక బడివాళ్లు గోడ ఎత్తు పెంచారని చెప్పుకునే తండ్రి గర్వం లాంటిది.

లెక్కల మాస్టారినని తెలియగానే ఇద్దరూ నన్ను ప్రొఫెసరు అని పిలవడం మొదలుపెట్టి, పాసర్ రేటింగ్ అనే లెక్కను నా ముందు పెట్టారు. 1973 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ వాడుతున్న సూత్రం అది. విసిరిన వాటిలో చేరినవి ఎన్ని, ఒక్కో విసురుకు ఎన్ని గజాలు, ఎన్ని టచ్‌డౌన్లు (అంటే అవతలి చివరి గీత దాటించినవి), ప్రత్యర్థి చేతిలో పడినవి ఎన్ని అని నాలుగు పాళ్లు తీసి, ఒక్కోదానికి 2.375 మించకుండా గరిష్ఠం పెట్టి, కలిపి, ఆరుతో భాగించి, వందతో గుణిస్తారు. నిండు మార్కులు 158.3. ఇలాంటి ప్రశ్నపత్రం నేను తయారుచేసి ఉంటే మా ప్రిన్సిపాలు నన్ను గదిలోకి పిలిచి ఉండేవారు. ఇందులో బ్రాడ్‌షాకు జీవితకాలానికి వచ్చినది 70.9, జో మోంటానాకు 92.3. ఇద్దరూ నాలుగేసి సూపర్ బౌల్స్ గెలిచినవాళ్లే, ఒక్కటీ ఓడనివాళ్లే. బ్రాడ్‌షా 212 టచ్‌డౌన్లు విసిరి 210 సార్లు బంతిని ప్రత్యర్థికి అప్పగించాడు. మోంటానా అన్ని సూపర్ బౌల్స్‌లో కలిపి ఒక్కసారి కూడా అప్పగించలేదు. నేను ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే జాకెట్టు ఆయన, ‘‘ప్రొఫెసర్, పిట్స్‌బర్గ్‌లో దిగిన తరువాత ఈ మాట పైకి అనకండి’’ అన్నారు.

నాకు మాత్రం డాన్ మరీనో దగ్గర మనసు చిక్కుకుంది. పిట్స్‌బర్గ్‌లోనే పుట్టిన మనిషి. 1984లో ఒకే సీజనులో 5,084 గజాలు, 48 టచ్‌డౌన్లు విసిరాడు. అప్పటికి అంతటి సంఖ్య ఎవరూ కలలో కూడా చూడలేదు. ఒకేఒక్క సూపర్ బౌల్ ఆడి, మోంటానా జట్టు చేతిలో ఓడిపోయాడు. ఉంగరం లేదు కనుక మొదటి ఐదుగురిలో ఉండకూడదని ఇద్దరు శత్రువులూ ఏకమై తీర్పు చెప్పారు. అప్పుడు నాకు మన లక్ష్మణ్ గుర్తుకు వచ్చాడు. 134 టెస్టులు ఆడి, 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద 281 కొట్టినవాడు ఒక్క ప్రపంచకప్పులో కూడా ఆడలేదు. ప్రపంచకప్పు లేదని అతణ్ణి మన ఇళ్లలో ఎవరైనా తక్కువ చేసి మాట్లాడతారా? ఆ ఇన్నింగ్స్ రోజు నేను క్లాసులో సమాకలనం చెబుతూ, కిటికీ అవతల ప్యూను రేడియో వింటూ, పిల్లలకంటే ముందు నేనే చాక్‌పీస్ కింద పెట్టిన సంగతి వాళ్లకు చెప్పాను. ఫాలో ఆన్ అంటే ఏమిటో వివరించేసరికి యంగ్స్‌టౌన్ దాటిపోయింది.

పెన్సిల్వేనియా సరిహద్దు దాటాక వాదన కొత్త దారి తొక్కింది. ఆ ప్రాంతానికి క్వార్టర్‌బ్యాక్‌ల పురిటిగడ్డ అని పేరు. రోడ్డు బీవర్ నదిని దాటుతున్నప్పుడు జాకెట్టు ఆయన కిటికీవైపు చేయి చూపించి, బీవర్ ఫాల్స్ ఇక్కడికి దగ్గరే, జో నేమత్ ఊరు అన్నారు. 1969 జనవరి సూపర్ బౌల్‌లో తమ జట్టు గెలిచి తీరుతుందని ముందే చెప్పి, 16–7తో గెలిచి చూపించినవాడు. మోంటానాదీ ఈ చుట్టుపక్కల ప్రాంతమే. అన్నింటికన్నా నన్ను పట్టుకున్నది జానీ యూనిటాస్ కథ. పిట్స్‌బర్గ్ కుర్రవాణ్ణి 1955లో స్టీలర్స్ ఎంపిక చేసుకుని, ఒక్క ఆటలో కూడా దించకుండా పంపేశారు. ఇళ్లు కట్టే పనికి వెళ్తూ, ఆటకు ఆరు డాలర్ల చొప్పున బ్లూమ్‌ఫీల్డ్ అనే పేట జట్టుకు ఆడాడు. మరుసటి ఏడాది బాల్టిమోర్ పిలిచింది. తరువాత వరుసగా 47 ఆటల్లో టచ్‌డౌన్ విసిరాడు. 2012లో డ్రూ బ్రీస్ దాటేదాకా ఆ రికార్డు అలాగే ఉంది. ఇది చెప్పేటప్పుడు జాకెట్టు ఆయన గొంతు తగ్గింది. డెబ్బై ఏళ్ల నాటి తప్పుకు ఇంకా ఇంటి మనిషిలా సిగ్గుపడుతున్నారు.

టోపీ ఆయన ఊరుకోలేదు. అంతటి యూనిటాస్‌ను 1964 ఫైనల్లో బ్రౌన్స్ 27–0తో ఓడించారని, ఆ రోజు మూడు టచ్‌డౌన్లు విసిరిన తమ క్వార్టర్‌బ్యాక్ ఫ్రాంక్ ర్యాన్ మరుసటి ఏడాది రైస్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేట్ పట్టా పుచ్చుకున్నాడని చెప్పారు. నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. గణితంలోనేనా? గణితంలోనే. బ్రౌన్స్ ఇంతవరకు గెలిచిన చివరి టైటిలు కూడా అదే. ఆ మాట ఆయన నాకు చెప్పలేదు, జాకెట్టు ఆయన చెప్పారు.

అప్పటిదాకా ముందు సీటులో కళ్లు మూసుకుని ఉన్న నల్లజాతి మహిళ ఒకరు వెనక్కి తిరిగారు. ఆస్పత్రి డ్యూటీ దిగి వస్తున్నట్టు ఆమె మెడలోని బ్యాడ్జి చెబుతోంది. ‘‘ఇంతసేపు వింటున్నాను. మీ ఇద్దరి లెక్కలో వారెన్ మూన్ ఎక్కడ ఉన్నాడు?’’

ఇద్దరూ మాట్లాడలేదు.

ఆమె గొంతు పెంచకుండా చెప్పారు. 1978 జనవరిలో రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ ఆట గెలిపించిన కుర్రవాణ్ణి ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క జట్టు కూడా తీసుకోలేదు. నల్లవాళ్లు పరుగెత్తడానికి, పట్టుకోవడానికి పనికివస్తారు గాని, ఆలోచించి ఆడించడానికి పనికిరారని నమ్మిన రోజులవి. క్వార్టర్‌బ్యాక్‌గానే ఆడతానన్న పట్టుదలతో మూన్ కెనడా వెళ్లి, ఎడ్మంటన్ జట్టుతో వరుసగా ఐదు టైటిళ్లు గెలిచి, 1984లో గాని హ్యూస్టన్‌కు రాలేకపోయాడు. 2006లో కాంటన్‌లో మేటి ఆటగాళ్లకు కట్టిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. ‘‘ఆరేళ్లు వేరే దేశంలో పోయాయి. మీ సూత్రంలో దానికి ఎన్ని మార్కులు? అతడైనా ఆడాడు. హైస్కూల్లోనే స్థానం మార్చేసిన పిల్లల మాటేమిటి?’’

అంతసేపు విన్న వాదాల్లో నన్ను నిలబెట్టేసినది ఇదే. గ్రాహం కాలానికి కాస్త ముందు, 1934 నుంచి 1945 వరకు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క నల్ల ఆటగాడు కూడా లేడు. 1946లో మరియన్ మోట్లీని, బిల్ విల్లిస్‌ను బ్రౌన్స్ తీసుకున్నారని టోపీ ఆయన మెల్లగా గుర్తుచేశారు. ఆమె తల ఊపి, వాళ్లను తీసుకున్నది బంతి విసరడానికి కాదు కదా అన్నారు. ఏ కాలం వాణ్ణి ఆ కాలం వాళ్లతోనే పోల్చాలి, తన సమకాలికులకంటే ఎంత ముందున్నాడో అదే కొలత అని అప్పటిదాకా నేను మనసులో ఒక సూత్రం కట్టుకుంటున్నాను. బ్రాడ్‌మన్‌ను మనం కొలిచేదీ అలాగే కదా. సమకాలికుల్లో సగంమందిని గేటు బయటే ఆపేస్తే ఆ భిన్నంలో హారం ఎంత అని ఆమె అడిగినట్టయింది. ముప్పై ఏళ్ల బోధనానుభవం ఉన్నా నా దగ్గర జవాబు లేదు.

పిట్స్‌బర్గ్ దగ్గరపడుతుండగా ఐదేసి పేర్లు రాసివ్వమని ఇద్దరినీ అడిగాను. జేబులో ఉన్నది ఒకే కాగితం. అమ్మాయి తమ్ముడి కోసం పెట్టెలో సర్దిన వాటి జాబితా: గోంగూర పచ్చడి రెండు సీసాలు, నువ్వుల కారం, సున్నుండలు ఇరవై. దాని వెనకవైపు టోపీ ఆయన గ్రాహం, బ్రేడీ, యూనిటాస్, మోంటానా అని రాసి, కాస్త ఆగి, ముందు సీటువైపు చూసి, వారెన్ మూన్ అని ముగించారు. జాకెట్టు ఆయన బ్రాడ్‌షాను మొదట పెట్టి, గ్రాహంను అయిదోవాడిగా అయినా ఒప్పుకున్నారు. మధ్యలో బ్రేడీ, మోంటానా, యూనిటాస్. ఆమె రాయలేదు. జాబితాలు వద్దనే కదా ఇంతసేపు చెప్పాను అని నవ్వారు. అడుగున మిగిలిన చోటులో నేను తెలుగులో ఫ్రాంక్ ర్యాన్ అని రాసుకున్నాను.

అబ్బాయి బస్టాండు బయట కారు పెట్టుకుని రెండు గంటలుగా చూస్తున్నాడు. పార్కింగుకు పద్దెనిమిది డాలర్లు అయ్యాయట. గుడి మూసేలోగా చేరాలి నాన్నా అంటూ పెట్టె డిక్కీలో పెట్టి, పచ్చళ్లు అన్నీ వచ్చాయో లేదో చూద్దామని కాగితం అడిగాడు. పదకొండేళ్లుగా ఈ దేశంలో ఉన్నా వాడికి క్రికెట్ తప్ప మరో ఆట తెలియదనుకుంటూ ఉన్నాను. కాగితం తిప్పి చదివాడు. మళ్లీ చదివాడు. కారు స్టార్టు చేసినవాడు ఆపేశాడు.

‘‘ఐదుసార్లు ఏడాది మేటి ఆటగాడు (ఎంవీపీ) అయిన పేటన్ మానింగ్ లేకుండా ఇదేం లిస్టు నాన్నా? ఈ ఫ్రాంక్ ర్యాన్ ఎవరు?’’