సమాధానముగా వెళ్లుడి

ఆరాధన ముగిసే ముందు మా కాపరిగారు రెండు చేతులూ ఎత్తి ఆశీర్వదిస్తారు. తలలు వంచి ఆ మాటలు అందుకుంటాం, బయట చెప్పులు వెతుక్కుని ఇళ్ళకు బయలుదేరతాం. బైబిలులోని యాకోబు పత్రిక (ఆయన రాసిన ఉత్తరం) రెండో అధ్యాయాన్ని నేను చిన్ననాటి నుంచి చదువుతూనే ఉన్నాను. అక్కడ యాకోబు గద్దిస్తున్నది ఒక ఆశీర్వాదాన్ని అని నాకు తట్టింది మాత్రం 2023 డిసెంబరులోనే.

"సహోదరుడైనను సహోదరియైనను దిగంబరులై ఆ నాటికి భోజనములేక యున్నప్పుడు, మీలో ఎవడైనను శరీరమునకు కావలసినవాటిని ఇయ్యక, సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి అని చెప్పినయెడల ఏమి ప్రయోజనము?"

"సమాధానముగా వెళ్లుడి" అన్న ఆ మనిషి కఠినుడని నేను అనుకునేదాన్ని. మళ్ళీ చదివి చూడండి. అతడు తిట్టలేదు, తలుపు మూయలేదు. సమాధానముగా, అంటే శాంతితో, వెళ్లుమనడం యూదులు ఒకరినొకరు సాగనంపే దీవెన. ప్రభువు కూడా స్వస్థపరచిన స్త్రీతో అదే మాట అన్నాడు. అయితే ఆయన ముందు స్వస్థపరచాడు, తరువాత దీవించాడు. ఇక్కడ మొదటిది జరగలేదు. చలికి వణికేవాడికి దుప్పటి అందలేదు గాని మాట మాత్రం వెచ్చగా అందింది. ఆ దీవెనే అతన్ని గుమ్మం దాటించింది.

మేముండేది ఉత్తర చెన్నైలో, కొరుక్కుపేటలో. తరాల క్రితం ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు మా చుట్టూ చాలా ఉన్నాయి. బయట తమిళం, ఇంట్లో తెలుగు, ప్రార్థనలో మరీ పాత తెలుగు. ఆ డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా మీద ఆగకుండా కురిసి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అది మా ముత్తాతల సీమ వైపు వెళ్ళిపోయేసరికి ఇక్కడ వీధులు కాలువలయ్యాయి.

మాది రెండో అంతస్తు. మా సంఘంలోని ఒక అక్క కాలువ ఒడ్డున రేకుల ఇంట్లో ఉంటుంది. నగరపాలక సంస్థలో పారిశుద్ధ్య పని చేస్తుంది. ఆమె ఫోను చేసి, ఇంట్లో మోకాలి లోతు నీళ్ళున్నాయని చెప్పింది.

"ప్రార్థన చేస్తాం అక్కా, దేవుడు చూసుకుంటాడు" అన్నాను.

"సరేనమ్మా" అని కాసేపు ఊరుకుంది. తరువాత నెమ్మదిగా అడిగింది: "మీ ఇంట్లో తాగే నీళ్ళు ఉన్నాయామ్మా?"

మా వంటగదిలో 20 లీటర్ల క్యాన్లు రెండు ఉన్నాయి. ఒకటి మూత కూడా తీయలేదు. ఆమె ఇంటి చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. నేను నిజంగానే ప్రార్థన చేశాను, కన్నీళ్ళతో చేశాను. నన్ను ఇప్పటికీ కలతపెట్టేది అదే. అది అబద్ధపు ప్రార్థన కాదు. ఆ కన్నీళ్ళతోనే నా మనసు తేలికపడిపోయింది, ఇక చేయవలసిందేమీ లేనట్టు. ఆమె అడగకపోతే ఆ క్యాన్ నాకు కనబడేది కాదు. "ఆలాగే విశ్వాసము క్రియలులేనిదైతే అది ఒంటిగా ఉండి మృతమైనదగును" అన్న వచనంలో ఆ "ఒంటిగా" అన్న పదం దగ్గర అప్పుడు ఆగిపోయాను. నా విశ్వాసం రెండో అంతస్తులో, పొడిగా, ఒంటిగా ఉంది.

మా వారు ఒక క్యాన్ భుజాన పెట్టుకున్నారు, నేను రెండోదాన్ని పిల్లవాడి సైకిల్ మీద కట్టి నడిపించాను. వెళ్ళేసరికి అక్క ఇంట్లో లేదు. తన ఇంట్లో బురద అలాగే ఉండగా, వేరే వీధుల్లో కొట్టుకొచ్చిన చెత్త ఎత్తడానికి డ్యూటీకి వెళ్ళిందని కూతురు చెప్పింది. సేవ చేయడానికి బయలుదేరామని మేము అనుకున్నాం. ఊరంతటికీ సేవ చేస్తున్న మనిషి గడప దగ్గర నిలబడ్డామని అప్పుడు తెలిసింది.

ఆ ఇంటి పక్కన పారేది బకింగ్‌హామ్ కాలువ. ఇవాళ నల్లటి నీళ్ళు, దుర్వాసన. కాని మా నాయనమ్మ దాని పేరు ఎత్తినప్పుడల్లా గొంతు మార్చుకునేది, ఎందుకంటే వాళ్ళ తాత కరవు పనిలో ఆ కాలువ తవ్వినవాడు. మా దగ్గరున్న భాగం అంతకంటే పాతది, 1800ల తొలి ఏళ్ళ తవ్వకం. ఆయన మట్టి మోసింది ఇక్కడికి ఎంతో ఉత్తరాన. అయినా అది ఒకే నీటి దారి.

1876-78 మహా కరవులో ఒంగోలులో ఉన్న బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, మా వాళ్ళ నోట క్లౌ దొర, ఆ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకాన్ని తానే గుత్తకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూముల సర్వే చేసినవాడు. ఆ పాత విద్య ఇక్కడ అన్నమైంది. ఆకలితో వచ్చినవారికి, ముఖ్యంగా ఎక్కడా మర్యాద దొరకని మాదిగ కుటుంబాలకు, పని దొరికింది, కూలి దొరికింది. సువార్త ప్రకటించే బోధకులే అక్కడ పని చూసుకునే మేస్త్రీలయ్యారు.

అంతకంటే నాకు గొప్పగా తోచేది ఆయన చేయనన్న పని. కరవు సాగినంతకాలం ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం ఎవరూ క్రీస్తు పేరు చెప్పకూడదని ఆయన పట్టుదల. పని ముగిసి, సహాయం ఆగిపోయాక, ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మేము సభల్లో ఎంతో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు నడిచిన ఆ నెలల నిగ్రహాన్ని చెప్పుకోవడం తక్కువ.

తుపాను తరువాత మా సంఘం మూడు రోజులు వంట చేసింది. స్త్రీల సమాజం వాళ్ళు ఇంటింటా దాచిన పిడికెడు బియ్యం డబ్బాలన్నీ తెచ్చి పోశారు. పొట్లాలు కడుతుండగా యువకులు కొందరు ఒక్కొక్క దానిలో ఒక సువార్త కరపత్రం పెడదామన్నారు. నాకూ అది బాగానే అనిపించింది, దీపాన్ని కుంచము క్రింద పెట్టకూడదు కదా. మా సంఘ పెద్ద ఒకాయన ఒప్పుకోలేదు. "అన్నం మీద కాగితం వద్దు. ఆకలి మీదున్నవాడు కాదనలేడు. కాదనలేనివాడి చేతిలో పెట్టేది సువార్త ఎలా అవుతుంది?" అన్నారు. వాదన కొంచెం గట్టిగానే జరిగింది. చివరికి పొట్లాలు ఉత్తవే వెళ్ళాయి.

ఆ రాత్రి మత్తయి సువార్త 25వ అధ్యాయం తీశాను. "మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి మీరు చేసితిరి గనుక నాకు చేసితిరి." అంతవరకు నేను క్రీస్తును ఆ రేకుల ఇళ్ళకు తీసుకువెళ్తున్నానని అనుకున్నాను. ఈ వాక్యంలో ఆయన పొట్లం మోసేవాళ్ళలో లేడు. దాహంతో ఉన్నవాళ్ళ వరుసలో, చెయ్యి చాచి, మాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలోనే ఆయన గురించిన కరపత్రం పెట్టబోయాం.

ఇప్పుడూ ప్రార్థన చేస్తానని చెబుతూనే ఉంటాను. చెప్పకుండా ఉండలేను, ఉండకూడదు కూడా. కాని ఆ మాట అన్నాక ఫోను వెంటనే పెట్టేయడం మానేశాను. ఏం కావాలో అడిగి, జవాబు వినేదాకా ఆగుతున్నాను. ఒక్కోసారి వాళ్ళు అడిగేది నా దగ్గర ఉండదు. ఎక్కువసార్లు ఉంటుంది.

నీళ్ళు తీసిన వారానికి అక్క మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది. రెండు క్యాన్లూ లోపలా బయటా తోమి తెచ్చింది. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మన ఇళ్ళలో ఉన్న అలవాటు ఆమె క్యాన్ల విషయంలోనూ తప్పలేదు. వరదకు పడిపోకుండా నిలిచిన తన వాకిటి చెట్టు నుంచి కోసిన మునగాకు, ఒక పెద్ద కట్ట, నా చేతిలో పెట్టింది. "పప్పులో వేయమ్మా, లేతగా ఉంది" అంది.