ఆదివారం, ఆఖరి పంటు

రాత్రి తొమ్మిదిన్నర. సంచీ ఇంకా ఆరలేదు. నాన్న పుస్తకాన్ని పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి, ఫ్యాను కింద చాప మీద పరిచాను. అత్తయ్యగారు వచ్చి చూసి "అప్పడాలు ఆరబెట్టినట్టు ఏంటే ఇది" అని నవ్వుకుంటూ వెళ్ళారు. నిద్రపట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

ఇవాళ నరసాపురం వెళ్ళాను. నెలలో ఆఖరి ఆదివారం మధ్యాహ్నం అక్కడొక పుస్తకాల కొట్లో పది పదిహేను మందిమి కూర్చుని కవితలు చదువుకుంటాం. మా ఆయన దీనికి 'మీ భజన' అని పేరు పెట్టారు. అలా అంటూనే రేవు దాకా బండి మీద దింపుతారు, అది వేరే సంగతి.

నిన్నటి నుంచి గోదారికి ఎర్రనీరు తగిలింది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లెక్కల టీచర్ని కదా, ఇలాంటివి ఊరికే గుర్తుండిపోతాయి. పొద్దున్న టీవీలో ఇంకా మొదటిది రాలేదన్నారు. అయినా నా టెన్షన్ ధవళేశ్వరం గురించి కాదు, మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే మా పంటు గురించి. నీళ్ళు పెరిగితే పంటు కట్టేస్తారు. కట్టేస్తే ఎదురుగా కనిపించే సఖినేటిపల్లికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. రేవులో కుర్రాణ్ణి "ఆఖరిది ఎన్నింటికి బాబూ?" అని అడిగితే "గోదారమ్మని అడగాలండి" అన్నాడు. మళ్ళీ జాలిపడ్డట్టున్నాడు, "అయిదున్నరలోపు వచ్చేయండి, ఆ తర్వాత నాకు తెలీదు" అన్నాడు.

సగం గోదారి దాటామో లేదో వాన. పైనుంచి కాదు, పక్కనుంచి. నా గొడుగు ఒక్క విసురుకి వెనక్కి తిరిగింది. పంటు మీద ఎనిమిది మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలతో ఒక ట్రాలీ ఆటో, చుట్టూ మేము. గొడుగు సరిచేసుకుందామని సంచీ కింద పెట్టాను. అదే నేను చేసిన తప్పు. చెక్కల మీద పారే నీళ్ళన్నీ దాని కిందికే చేరాయి. పుస్తకం అందులోనే ఉందని అవతలి రేవు దగ్గర పడుతుండగా గుర్తొచ్చింది.

దిగింది నరసాపురం వైపు రేవు మాధవాయిపాలెంలో. ఒకప్పుడు ఇక్కడి నేతగుడ్డ ఓడలెక్కి పైదేశాలకు వెళ్ళింది. అక్కడివాళ్ళు ఈ ఊరి పేరునే నోరు తిరిగినట్టు పలికి గుడ్డకి పెట్టుకున్నారు, మడపొల్లం అని. అంత పేరున్న ఊళ్ళో నేను ముద్దయిన వాయిలు చీర పిండుకుంటూ దిగాను.

కొట్టు సంగతి చెప్పాలి. ముందు భాగమంతా గైడ్లు, టెస్టు పేపర్లు, లాంగ్ నోట్సులు, చార్టులు, అట్టలు వేసుకునే ఖాకీ కాగితం. కవిత్వం వెనకాల, పై అరలో ఉంటుంది. స్టూలెక్కితేగాని అందదు. "జూన్ జూలైల్లో గైడ్లు అమ్మితేనే మిగతా పది నెలలూ వాళ్ళు పైన కూర్చోగలరమ్మా" అంటారు కొట్టాయన. 'వాళ్ళు' అంటే కవులన్న మాట. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, రెండు చాపలు వేసి, ఇంట్లోంచి అయిదు ప్లాస్టిక్ స్టూళ్ళు తెస్తారు. ఒకటే టేబుల్ ఫ్యాను.

నియమాలు కొంచెమే. అధ్యక్షుడు లేడు, శాలువా లేదు, జ్ఞాపిక లేదు. ఎవరికైనా మూడు నిమిషాలు, దాటితే కొట్టాయన ఏమీ అనకుండా లేచి ఫ్యాను కట్టేస్తారు. జూలైలో ఇంతకు మించిన విమర్శ ఉండదు. అన్నిటికంటే గట్టి నియమం మాత్రం ఇంకోటుంది. మన కవిత చదవాలంటే ముందు వేరే ఎవరిదైనా కవిత ఒకటి చదవాలి. ఎందుకలాగని మొదట్లో అడిగాను. "మొదటి మూడు నెలలూ అందరూ తమది చదివేసి, పక్కవాళ్ళు చదువుతుంటే ఫోన్లు చూసుకున్నారమ్మా. ఇలా అయితే ఇంటి దగ్గర కనీసం ఒక్క మంచి కవితైనా చదువుకుని వస్తారు కదా" అన్నారు.

ఆ బాధ నాకు తెలుసు. నాలుగేళ్ళ కిందట ఒక పెద్ద ఊళ్ళో పెద్ద కవి సమ్మేళనానికి పిలిస్తే పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. నా నంబరు 43. నా వంతు వచ్చేసరికి భోజనాల గంట కొట్టారు. హాల్లో మిగిలింది నేనూ, మైకు కుర్రాడూ. అతను కూడా వైరు చుట్టుకుంటూ విన్నాడు. తర్వాత జ్ఞాపిక ఇచ్చారు, దాని మీద పేరు నాది కాదు. ఆ పేరుగల ఆవిడ ఇంట్లో నాది ఉండే ఉంటుంది.

ఇవాళ పద్నాలుగు మంది వచ్చాం. డిగ్రీ చదివే అమ్మాయి నానీలు చదివింది. ఎన్. గోపి గారు పెట్టిన లెక్క ప్రకారం నానీ నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. నా వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టేశాయి. మూడోదానికి ఇరవై ఆరు వచ్చాయి. చెబుదామనుకుని ఊరుకున్నాను, ఎందుకంటే ఆ ఎక్కువైన అక్షరమే అందులో బాగుంది. ఆ తర్వాత ఒక పెద్దాయన "సమయాభావం వల్ల క్లుప్తంగా" అంటూ మొదలుపెట్టారు. ఆ మాట విన్నామంటే గట్టిగా కూర్చోవాలి. ఫ్యాను ఆగింది. ఆయన చెమట తుడుచుకుంటూ ఇంకో రెండు పేజీలు చదివారు. మనిషి పట్టుదలకి మెచ్చుకోవాలి.

ఇక్కడ అసలు విమర్శకురాలు వేరే ఉంది. గుమ్మం దగ్గర వెలుతురు చూసుకుని కూర్చుని లేసు అల్లుకునే ఆవిడ. ఎప్పుడూ ఏమీ చదవరు, ఏమీ అనరు. క్రోషా సూది దారాన్ని అందుకుంటుంది, లాగుతుంది, ముడి వేస్తుంది, మళ్ళీ అందుకుంటుంది. కవిత తగిలితే ఆ సూది ఒక్క క్షణం ఆగుతుంది. అంతే. చదివేవాళ్ళందరూ కాగితం వంక చూస్తున్నట్టు నటిస్తూ ఆ సూదినే చూస్తారు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఏమైనా పెరిగిందా అని ఒకసారి అడిగితే "గుర్తింపు వచ్చిందంటమ్మా, నాకిచ్చే రేటు మాత్రం పాతదే" అన్నారు. పెద్దాయన చదివినంతసేపూ సూది ఆగలేదు. గులాబీ ఒకటి పూర్తయిపోయింది.

ఆగస్టు 1 కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ పుట్టినరోజు కాబట్టి ఈసారి 'వేరేవాళ్ళ కవిత' అందరూ ఆయనదే చదవాలనుకున్నాం. పశ్చిమగోదావరి మనిషే. 1921లో తణుకు పక్కన మండపాకలో పుట్టారు. 1966లో, నలభై అయిదేళ్ళు నిండకుండానే పోయారు. అంత పేరు తెచ్చిన కవితా సంపుటి 'అమృతం కురిసిన రాత్రి' ఆయన పోయాకే అచ్చయింది. దానికి 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తీసుకోవడానికి మనిషి లేడు. నాకు పోస్టుమ్యాన్ మీద రాసిన కవిత పడింది. అది నాన్నకి ఇష్టం, అందుకే ఆయన పుస్తకమే తెచ్చాను.

తెరిస్తే ఏముంది? పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నాన్న అంచుల్లో ఆకుపచ్చ ఇంకుతో రాసుకున్న మాటలన్నీ పాచి పట్టినట్టు పాకాయి. కంఠస్థమే కదా అని మొదలుపెట్టాను. పది లైన్లు బాగానే వచ్చాయి, తర్వాత గొంతులోనే ఆగిపోయింది. తరగతిలో ఎక్కం మర్చిపోయిన పిల్లాడిలా నిలబడ్డాను. కొట్టాయన స్టూలెక్కి పై అర వెతికి "ఉన్న ఒక్క కాపీ పోయిన వారమే అమ్మేశానమ్మా" అన్నారు.

"ఇదిగోండి" అని వెనకనుంచి ఒకాయన గుడ్డసంచీలోంచి పుస్తకం తీశారు. ఆ కాపీయే. ఖాకీ కాగితంతో నీటుగా అట్ట వేసి ఉంది. సరిగ్గా ఆ కవిత దగ్గరే వాడని నీలం ఇన్‌లాండ్ లెటరు గుర్తుగా పెట్టి ఉంది. ఈ మధ్యే రావడం మొదలుపెట్టిన మనిషి. మా వైపాయనే. లంక ఊళ్ళలో పోస్టుమ్యాన్‌గా చేసి రిటైరయ్యారని అప్పుడే తెలిసింది.

పుస్తకం చూసి చదివేశాను. అయ్యాక ఎలా ఉంది బాబాయిగారూ అని అడిగాను. కాసేపు ఆలోచించి "బాగా రాశారండి. కాకపోతే కవిగారు వీధిలోంచి చూశారు. మేం అరుగు మీంచి చూశామండి" అన్నారు.

అంటే ఏంటని అందరం అడిగితే చెప్పారు. ఆయన తిరిగే లంకలో ఒక పెద్దావిడ, కూతురు కువైట్లో ఇంటిపనికి వెళ్ళింది. నెలకో ఉత్తరం వచ్చేది. ఆవిడకి చదువు రాదు, ఈయనే అరుగు మీద కూర్చుని చదివి పెట్టాలి. "కులాసా అని రాసిన చోట గట్టిగా చదివేవోణ్ణండి. జ్వరం వచ్చిందనో, సేఠమ్మ కొట్టిందనో రాస్తే అది మింగేసి కింది లైనుకి పోయేవోణ్ణి. పోయేముందు ఒక్క క్షణం ఆగాలి కదండీ, కళ్ళు కిందికి దిగాలి కదా. అక్కడ పట్టేసేది. 'ఆగావేంటి బాబూ' అనేది. 'సిరా అలుక్కుపోయిందమ్మా' అనేవోణ్ణి. 'మా పిల్ల రాసిన ఉత్తరాల్లో సిరా బాగా అలుక్కుపోతుంది నాయనా' అనేదండి ఆవిడ."

ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మం వైపు చూశాను. సూది దారంలోనే ఉంది, కదల్లేదు.

ఆ తర్వాత ఇంకెవరూ చదవడానికి లేవలేదు. పునుకులు, టీ వచ్చాయి. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పిన కాలం గురించి కొట్టాయన మొదలుపెట్టారు. మన పంటు మీద కూడా ఒక అల్మైరా పెడితే ఎలా ఉంటుందని ఎవరో అన్నారు. నా సంచీ వంక చూసి అందరూ నవ్వారు. నేను రెండు గ్రాఫు పుస్తకాలు, ఒక కవితల పుస్తకం కొన్నాను. కవితల పుస్తకం ధర మీద కొట్టాయన పెన్సిలుతో తగ్గించి రాశారు. వద్దన్నా వినలేదు.

అయిదుంబావుకల్లా రేవులో ఉన్నాం, బాబాయిగారూ నేనూ. నీళ్ళు రేవులో ఇంకో మెట్టు మింగాయి. ఆఖరి పంటు ఇదేనన్నాడు కుర్రాడు. గుర్రపుడెక్క పెద్ద పెద్ద గడ్డలుగా కొట్టుకొస్తోంది, ఒక అరటిచెట్టు గెలతో సహా వెళ్ళిపోయింది.

"మీది చదవలేదేంటి టీచరుగారూ?" అన్నారు ఆయన.

తడిసిపోయింది బాబాయిగారూ అన్నాను. నిజం సగమే. ఆ కథ విన్నాక నాది చదవబుద్ధి కాలేదు. నాన్న గురించి రాసుకున్నది, ఒక లాంగ్ నోట్స్ కాగితం. మూడు నెలలుగా సంచీలో తిరుగుతోంది.

"ఇలా ఇవ్వండి, తడిసినవి చదవడం మాకు అలవాటే."

ఇచ్చాను. కళ్ళజోడు తుడుచుకుని, పంటు కమ్మీకి ఆనుకుని చదవడం మొదలుపెట్టారు. కవితలా కాదు, ఉత్తరంలా. గొంతు ఎత్తడం దించడం లేదు. ఇంజను చప్పుడుకి వినపడేంత గట్టిగా, అంతే. నాన్న సైకిలు, చొక్కా జేబుకి అంటిన ఆకుపచ్చ మరక, రాత్రిళ్ళు రేడియో దగ్గర దగ్గు. అవి నేను రాసినవేనా అనిపించింది. ఎవరో మా ఇంటికి రాసిన ఉత్తరంలా ఉంది. పక్కన బండి మీద కూర్చున్న కుర్రాడు కూడా ఫోను కిందికి దించాడు.

చివరికి వచ్చాక ఒక చోట ఆగి, మళ్ళీ అందుకుని పూర్తి చేశారు.

"మధ్యలో ఆగారేంటి బాబాయిగారూ?"

"ఇంకు అలుక్కుపోయిందండి" అన్నారు, కాగితం మడిచి ఇచ్చేస్తూ. అప్పటికి పంటు రేవుకి తగులుతోంది, మా ఆయన టార్చి ఊపుతున్నారు.

ఇంటికొచ్చాక పుస్తకంతో పాటు ఆ కాగితం కూడా ఆరబెట్టాను. ఇందాక ట్యూబులైటు కింద పెట్టి చూశాను. పై సగమంతా నిజంగానే అలుక్కుపోయింది. సైకిలు దగ్గరా రేడియో దగ్గరా నీలం మరకలే. ఆయన అవన్నీ ఎలా కూడబలుక్కుని చదివారో తెలీదు. ఆగిన లైను కింద నుంచి మూడోది.

'నాన్నా, నా కన్నీటి ముందు గోదారి పిల్లకాలువ.'

దాని మీద ఒక్క చుక్క పడలేదు.