లోదీలో మోజార్ట్ తొలి క్వార్టెట్

మిలాన్ నుంచి ఒక పూట ఖాళీ దొరికితే చాలామంది కోమో సరస్సుకి వెళ్తారు. నేను లోకల్ రైలెక్కి లోదీకి వెళ్లాను. ముప్ఫై కిలోమీటర్ల దూరం, అంతే. 1770 మార్చి 15న, పద్నాలుగేళ్ల వయసులో, మోజార్ట్ తన మొదటి స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగవాద్యాల కోసం రాసే సంగీతం) రాసింది ఈ ఊళ్లోనే. రాతప్రతి మీద ఊరు, తేదీతో పాటు ‘సాయంత్రం 7 గంటలకు’ అని కూడా ఉంది. నన్ను అక్కడికి లాక్కెళ్లింది ఆ గంటే.

తండ్రీకొడుకులు ఆ రోజే మిలాన్ వదిలి గుర్రపు బండిలో పార్మా దారి పట్టారు. రాత్రికి లోదీలో ఆగారు. మిలాన్‌లో అప్పటికే ఒపెరా రాసే ఒప్పందం కుదిరింది కానీ, దాని మాటలు చేతికి రావడానికి ఇంకా నెలలు పట్టింది. ఈలోగా దారిలోనే ఈ క్వార్టెట్ పుట్టింది.

స్టేషన్ నుంచి నడిస్తే పెద్ద చౌక్ వస్తుంది. నాలుగు వైపులా కమానుల వరండాలు, ఒక పక్క కెథడ్రల్. దగ్గర్లోనే 1488లో మొదలుపెట్టిన ఇన్‌కొరొనాటా గుడి, లోపలంతా బంగారు పూత. గైడ్లు మాత్రం 1796లో నెపోలియన్ గెలిచిన వంతెన గురించే ఎక్కువ చెబుతారు. పల్చగా గీరి ఇచ్చే రస్పదూరా చీజ్ తప్పకుండా తినాలి.

అద్దా నది ఒడ్డున కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. కుర్రాడు రాసింది కదా, హుషారుగా మొదలవుతుందనుకుంటాం. కాదు, మొదటి భాగమే విలంబం. రెండు వయొలిన్లు ఒకదాని పాట ఒకటి అందుకుంటూ తొందర లేకుండా సాగుతాయి. వయోలా, చెల్లో ఎక్కువగా కింద ఆసరాగానే ఉంటాయి. నాలుగు వాద్యాలూ సమానంగా మాట్లాడుకోవడం అతని తర్వాతి క్వార్టెట్లలో వినాలి. అయినా ఈ నెమ్మది నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. తన నైపుణ్యం చూపించుకోవాలన్న ఆత్రం ఒక్క చోట కూడా లేదు. దాని తర్వాత చురుకైన అల్లెగ్రో, ఆ పైన మినుయెట్ అనే నాట్యపు నడక. లోదీలో రాసింది అంతవరకే.

ఇప్పుడు చివర్లో వినిపించే రోండో, అంటే మొదటి పాటే మళ్లీ మళ్లీ వచ్చే భాగం, కొన్నేళ్ల తర్వాత చేర్చింది. అది బాగుంటుంది, చేయి తిరిగిన పని. కానీ లోదీ వెళ్లి వినేవాళ్లు మినుయెట్ అయ్యాక ఆపేయండి. ఆ సాయంత్రం ఆ కుర్రాడి దగ్గర ఉన్నది ఆ మూడు భాగాలే.