నెహెమ్యా పరీక్ష: గోడ చదివి 5వ అధ్యాయం వదిలేయకండి

అందరికీ వందనాలు. బైబిల్లోని నెహెమ్యా గ్రంథం పరీక్ష ఫలితాలు వచ్చేశాయి, దేవునికి స్తోత్రం! ఈ సంతోషంలోనే, వచ్చేసారి రాయబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాలుగు మాటలు. సిలబస్ మీకు తెలిసిందే: పారసీక రాజు అర్తహషస్త దగ్గర పనిచేసిన నెహెమ్యా యెరూషలేము గోడను తిరిగి కట్టించిన కథ, 13 అధ్యాయాలు, 406 వచనాలు.

మొదటిసారి రాసేవాళ్లకు మార్కులు పోయేది తేదీల దగ్గర. 1వ అధ్యాయం కిస్లేవు (తొమ్మిదో) నెలలో, 2వ అధ్యాయం నీసాను నెలలో జరుగుతాయి. రెండుచోట్లా రాజు ఏలుబడిలో ఇరవయ్యో సంవత్సరమనే ఉంటుంది. నీసాను మొదటి నెల కదా అని 21 వేస్తే తప్పు. రాజుల ఏళ్లను అక్కడ తిష్రీ (ఏడో నెల) నుంచి లెక్కపెట్టారని కొందరు పండితులు చెప్తారు. ఈ రెండు నెలల మధ్య నాలుగు నెలల వ్యవధి ఉంది, అది ప్రార్థన కాలం. అందుకే రాజు "నీకేం కావాలి?" అనగానే నెహెమ్యా మనసులో దేవునికి మొరపెట్టుకుని, వెంటనే గడువు చెప్పాడు, అధిపతులకు లేఖలు అడిగాడు, అడవిని కాసే ఆసాపు దగ్గర మాను కోరాడు. ప్రార్థించేవాడికి ప్లాన్ అక్కర్లేదనేవాళ్లు 2:4 నుంచి 2:8 వరకు ఒక్కసారి ఏకబిగిన చదవాలి.

గోడ కట్టిన 52 రోజులను నీసాను నుంచి లెక్కపెట్టకండి. గోడ ముగిసింది ఏలూలు (ఆరో నెల) 25న. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే పని మొదలైంది దాని ముందు నెల ఆబు మొదటి వారంలో.

గోడలో ఏ భాగం ఎవరు బాగుచేశారో చెప్పే 3వ అధ్యాయాన్ని కంఠతా పట్టొద్దు. తెల్లకాగితం మీద గుండ్రంగా గీత గీసి, గొర్రెల గుమ్మం దగ్గర మొదలుపెట్టి గుమ్మాలు వరసగా రాయండి. చివరికి మళ్లీ గొర్రెల గుమ్మానికే వస్తారు. రాలేదంటే మధ్యలో ఏదో వదిలేశారన్నమాట. పక్కన మనుషుల్ని రాయండి: ప్రధాన యాజకుడు ఎల్యాషీబు, కంసాలులు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్లు, షల్లూముతో పాటు అతని కూతుళ్లు. పెంట గుమ్మం బాగుచేసిన మల్కీయా ఒక ప్రాంతానికి అధిపతి. సంఘంలో తనకు చిన్న పని ఇచ్చారని నొచ్చుకునేవాళ్లు ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకున్నా చాలు.

ఇక 5వ అధ్యాయం. గోడ పనిని అడ్డుకున్న సన్బల్లటు, టోబీయాల మీద పేజీలు నింపి దీన్ని వదిలేస్తారు. పని ఆగిపోయే ప్రమాదం బయటి శత్రువుల వల్లే కాదు, సొంత జనం అప్పుల వల్ల కూడా వచ్చింది. పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టులో ఉన్నాయి, పిల్లలు దాసులయ్యారు. నెహెమ్యాకు కోపం వచ్చింది, అయితే ముందు తనలో తాను ఆలోచించుకుని, తర్వాతే ప్రధానులను నిలదీశాడు. పొలాలతో పాటు నూరవ వంతు వడ్డీ కూడా తిరిగి ఇవ్వమన్నాడు. మాటతో వదలక యాజకుల ముందు ప్రమాణం చేయించాడు. మునుపటి అధికారులు జనం దగ్గర నలభై తులాల వెండి తీసుకునేవారు, ఇతను 12 ఏళ్లు అధికారి భత్యం ముట్టలేదు. అయినా రోజూ ఒక ఎద్దు, ఆరు మంచి గొర్రెలు వండించి, 150 మందికి తన బల్ల దగ్గర అన్నం పెట్టాడు. యవ్వనస్థుల కూటం నడిపేవాళ్లారా, ఈ లెక్కలు మార్కుల కోసమే నేర్చుకోకండి. మీ కూటం డబ్బు లెక్క అందరి ముందూ చదివే ధైర్యం మీకు ఇక్కడే దొరుకుతుంది.

6వ అధ్యాయంలో నెహెమ్యాను రమ్మని శత్రువుల కబురు నాలుగుసార్లు, అయిదోసారి విప్పిన లేఖ. కలిపి నాలుగని రాయకండి. 7వ అధ్యాయంలో చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల జాబితాను ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయంతో పోల్చండి: మొత్తం రెండింటిలోనూ 42,360, గాయకులు, గాయకురాండ్రు కలిపి మాత్రం ఇక్కడ 245, అక్కడ 200.

13వ అధ్యాయాన్ని ఆఖరి రాత్రికి పెట్టుకోవద్దు. అర్తహషస్త ఏలుబడి 32వ ఏట నెహెమ్యా రాజు దగ్గరికి వెళ్లి, తిరిగొచ్చేసరికి ఆలయంలో టోబీయాకు గది ఇచ్చేశారు. నెహెమ్యా అతని సామాన్లన్నీ బయట పారేయించి, గదిని శుద్ధి చేయించి, నైవేద్యాలనూ సాంబ్రాణినీ మళ్లీ అక్కడే పెట్టించాడు.