పెరిగిన జీతం ఎటు పోతోంది?

వేరే ఊళ్లో ఉద్యోగానికి ఆఫర్ వచ్చింది. "అక్కడ జీతం ఎక్కువ కదా, ఇంకా ఆలోచనేంటి?" అని ఇందాక ఫ్రెండ్ ఫోన్లో ఒకటే పోరు. నా ఎదురుగా ఎక్సెల్ షీట్‌లో రెండు ఊళ్ల లెక్కలు: అద్దె, అడ్వాన్స్, కరెంటు, స్కూలు ఫీజు. పెరిగేదాంట్లో సగానికి పైగా అద్దెకే సరి.

సరే, మిగిలింది లాభమే అనుకుందాం. మరి ప్రయాణం? రోజుకు అదనంగా 2 గంటలంటే, 22 పనిదినాలకు 44 గంటలు. ఒక వారం ఆఫీసు పని ఊరికే చేసిపెట్టినట్టే! మిగిలినదాన్ని 44తో భాగించి చూస్తే నవ్వొచ్చింది. అంత తక్కువకి ఓవర్‌టైమ్ కూడా చేయను.

అలాగని ఇక్కడేం స్వర్గం కాదు. ఉన్న ఉద్యోగం పోతే ఇంకోటి దొరకడం కష్టం. అక్కడ ఆ టెన్షన్ తక్కువ. దీన్ని ఏ కాలమ్‌లో వేయాలో మాత్రం తెలియట్లేదు.

సోమవారంలోగా జవాబు చెప్పాలట.