ముక్కుకు తెలియని ఆవిరి

పోలాండ్‌లో నేను పనిచేసిన ఫ్యాక్టరీలో ట్యూబ్ లైట్లు, సీఎఫ్ఎల్‌లు తయారయ్యేవి. పాదరసం లేకుండా అవి వెలగవు. దాని ఆవిరిలోంచి కరెంటు పారితే అల్ట్రావయొలెట్ కాంతి పుడుతుంది, గాజు లోపలి పూత దాన్ని తెల్లటి వెలుగుగా మారుస్తుంది.

ఆ ఆవిరికి రంగూ వాసనా ఉండవు. ఏళ్ల తరబడి పీలిస్తే చేతులు వణుకుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎనిమిది గంటల షిఫ్టుకు యూరప్ పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలికి 0.02 మిల్లీగ్రాములు. నేల మీద ఒలికిన పాదరసం మూసిన గదిలో అలాగే ఉండిపోతే, 20 డిగ్రీల దగ్గరే ఘనపు మీటరు గాలిలో 13 మిల్లీగ్రాముల దాకా చేరగలదు! ఇంకో పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపు. అందుకే హాలు చల్లగా ఉంచేవాళ్లు. బెజవాడ ఎండల్లో ఇదే పని ఎంత కష్టమో అనిపించేది.

మాస్కులే కాపాడతాయని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అవి ఆఖరి రక్షణ మాత్రమే. పాత పద్ధతిలో గాలి తీసేసిన ట్యూబులోకి ద్రవ పాదరసం చుక్క వదిలేవారు. చుక్క తప్పినా, వేడి గాజు పగిలినా అది చిన్న చిన్న పూసలుగా చెదిరి సందుల్లోకి దూరేది. మా సీఎఫ్ఎల్ లైనులో పాదరసానికి బిస్మత్, ఇండియం అనే లోహాలు కలిపిన గుళిక వేసేవాళ్లం. పాదరసం అందులో పట్టుబడి ఉంటుంది కాబట్టి మామూలు వేడికి చాలా తక్కువగా ఆవిరవుతుంది. మోతాదూ కచ్చితంగా ఉంటుంది. 2013 నుంచి యూరప్‌లో 30 వాట్ల లోపు మామూలు సీఎఫ్ఎల్‌కు 2.5 మిల్లీగ్రాములకే అనుమతి ఉండేది. అంత తక్కువ కొలతను ద్రవంతో నిలబెట్టడం కష్టం.

ఆవిరి పుట్టిన చోటే దాన్ని లాగేసి, గంధకం పట్టించిన బొగ్గు ఫిల్టర్ల గుండా పంపేవాళ్లు. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లనిచ్చేవాళ్లు కాదు, ఇంట్లో పిల్లలుంటారు కదా. ఒంట్లో పాదరసం ఎంతుందో చెప్పే మూత్ర పరీక్ష రిపోర్టు వచ్చే రోజు మాత్రం అందరికీ టెన్షనే.

2023లో యూరప్ మామూలు ఫ్లోరోసెంట్ దీపాల అమ్మకాన్ని దాదాపుగా ఆపేసింది. మన ఊళ్లలో, బడుల్లో పాతవి ఇంకా వెలుగుతున్నాయి. పగిలితే చీపురుతో ఊడ్వకండి, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపండి. కాసేపాగి ముక్కల్ని అట్టతో ఎత్తండి, పొడిని టేపుతో అద్ది తీయండి. అన్నీ మూత బిగించిన సీసాలో వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.